ఐదున్నర కిలోమీటర్ల రాస్తా

పాతబస్తీకి మెట్రో ఎందుకు రాలేదన్న సవాల్‌కి నా దగ్గర రెండు జవాబులున్నాయి. రెండూ నావి కావు. ఒకటి మా ఆఫీసులో తెలుగులో వినిపిస్తుంది: “మీవాళ్లే వద్దన్నారు కదా భాయ్.” ఇంకోటి నయాపుల్ దాటాక వినిపిస్తుంది: “ఉనోచ్ నై లాయే మియా.” ఒకరు ‘వద్దన్నారు’ అంటారు, ఒకరు ‘తేలేదు’ అంటారు. నడుమ పదేళ్లకు పైగా గడిచిపోయాయి. ఐదున్నర కిలోమీటర్ల రాస్తా అట్లనే ఉంది.

నా స్కూల్ ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. అందుకని పొద్దున చాయ్‌తో పాటు రెండు జబాన్లలో అఖ్బార్లు చదివే అలవాటు. ఒకే సంగతి రెండు చోట్ల రెండు వేషాల్లో వస్తుంది. తెలుగు పేపర్ ‘భూసేకరణ’ అని రాస్తే ఉర్దూ అఖ్బార్ ‘ఇన్‌హెదామ్’ అని రాస్తుంది. అక్కడ ‘అలైన్‌మెంట్ మార్పు’ అయింది ఇక్కడ ‘మజ్హబీ ఇమారతోఁ కా తహఫ్ఫుజ్’ అవుతుంది. ఏదీ అబద్ధం కాదు. కానీ ఇది చదివినవాడు అది చదవడు. మన ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ మీద రోజూ నడిచే బహస్ కాబట్టి, రెండు వైపుల మాటా ఒకచోట పెట్టి చూద్దామనిపించింది.

ముందు నక్షా. మెట్రో ఒప్పందం 2010 సెప్టెంబర్‌లో అయింది. అప్పుడే కాగితం మీద మూడు దార్లున్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ ఒకటి, నాగోల్ నుంచి హైటెక్ సిటీ వైపు ఇంకోటి, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా మరొకటి. 2017 నవంబర్‌లో మొదటి రైలు నడిచింది. 2018 సెప్టెంబర్‌లో మా మలక్‌పేటకు వచ్చింది. ఆ వారం మా బిల్డింగ్ పిల్లలందరికీ ఎక్కి దిగడమే పని. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్లు తెరిచారు. అక్కడితో ఆగింది. షహర్ మొత్తానికి 69 కిలోమీటర్ల మెట్రో వచ్చింది గానీ, ఇమ్లీబన్ దాకా వచ్చిన రైలు మూసీ మాత్రం దాటలేదు.

దీనివల్ల ఒక తమాషా జరిగింది. మూడు లైన్లలో గ్రీన్ లైన్ చిన్నది, ఎక్కేవాళ్లు కూడా అన్నిటికంటే తక్కువ. ఎందుకు ఎక్కుతారు? అది పోవాల్సిన చోటికి పోనేలేదు. బల్లి తోక కోసి, ఇది పొట్టిది అన్నట్టు. ఆ తక్కువ లెక్క చూపించే కొందరు పెద్దమనుషులు “అటు వేస్తే ఖాళీ డబ్బాలే తిరుగుతాయి” అని టీవీల్లో చెప్పారు. మదీనా చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి ఒక్కసారి నిలబడితే తెలిసేది ఖాళీ ఎక్కడుందో.

ఆగిపోయిన దారి ఇట్లా పోవాలి: ఎంజీబీఎస్ నుంచి మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియం వెనక నుంచి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, కోట్లా అలీజా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, షాలిబండ, షంషీర్‌గంజ్, అలియాబాద్, ఫలక్‌నుమా. ఐదు స్టేషన్లు. వాటిలో ఒకదాని పేరు చార్మినార్. స్టేషన్ చార్మినార్‌కి అర కిలోమీటరు దూరంలో వస్తుంది. దాని ముందు నుంచి రైలు పోదు. అయినా ఇంకా చాలామంది “చార్మినార్ ముందర పిల్లర్లు వేస్తారట” అనే అనుకుంటున్నారు. దారుల్‌షిఫా నుంచి షాలిబండ దాకా రోడ్డు యాభై అరవై అడుగులు. షాలిబండ దాటితే ఎనభై. దాన్ని వందడుగులు చేయాలి, స్టేషన్ల దగ్గర నూట ఇరవై. వెయ్యికి అటూఇటూగా ఇళ్లు, ముల్గీలు దెబ్బతింటాయి. దారి పొడుగునా మసీదులు, ఆషుర్‌ఖానాలు, దర్గాలు, ఖబ్రస్తాన్లు, మందిరాలు కలిపి వందకు పైగానే ఉన్నాయి.

గొడవంతా ఇక్కడే. మా ఖాందాన్‌లో దీని మీద నాలుగు పార్టీలున్నాయి.

మొదటిది మా బడే అబ్బా పార్టీ. ఆయన మీర్ మోమిన్ దాయిరాకు దగ్గర్లో ఉంటారు. రిటైర్డ్ టీచర్. ఆయన మాట ఒకటే: రైలు రావాలి, జమీన్ కింద నుంచి రావాలి. “దిల్లీ మే చాందినీ చౌక్ కే నీచే సే లేకే గయే, జామా మస్జిద్ కా అలగ్ స్టేషన్ బనాయే. ఇధర్ కాయ్కు నై లేతే?” ఇది వట్టి మాట కాదు. దిల్లీలో చావ్‌డీ బజార్, చాందినీ చౌక్ స్టేషన్లు భూమి లోపలే ఉన్నాయి. 2017లో జామా మస్జిద్, లాల్ ఖిలా, దిల్లీ గేట్ స్టేషన్లు కూడా కిందనే తెరిచారు. చెన్నైలో మన్నడి కూడా అంతే. పాత షహర్లకు కింది దారే అదబ్ అని ఆయన వాదన.

నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఎంజీబీఎస్ స్టేషన్ గాల్లో ఎత్తున ఉంది. అక్కడి నుంచి మూసీ దాటి, తర్వాత భూమిలోకి దిగాలి. మెట్రో రైలు నూరు మీటర్లు నడిస్తే మూడు నాలుగు మీటర్లకు మించి దిగలేదు. పైనుంచి కిందికి ముప్పై మీటర్లు దిగాలనుకుంటే ముప్పావు కిలోమీటరు పైగా వాలు కావాలి. ఆ వాలు నేలను తాకే చోట రోడ్డు నడుమ గోడలతో పెద్ద గుంత ఉంటుంది, దాన్ని అడ్డంగా దాటడం కుదరదు. అది వచ్చేది దారుల్‌షిఫా నెత్తిన. అంటే పురానీ హవేలీని కాపాడబోయి అజాఖానా-ఎ-జెహ్రా ముందర గుంత తవ్వుకోవడం. పైగా సొరంగానికి ఖర్చు పిల్లర్ల దారి కంటే రెండు మూడింతలు. దిల్లీలో మొదటి రోజు నుంచి కట్టింది సర్కారీ కంపెనీ, జపాన్ అప్పుతో. మన దగ్గర మొదట్లో వచ్చింది ప్రైవేటు కంపెనీ, టికెట్ల మీద, స్టేషన్ పక్క జమీన్ మీద పైసలు రాబట్టుకోవాల్సిన కంపెనీ. అదబ్ అనేది అప్పుడే, 2010లోనే, నక్షాలో గీయాల్సింది.

బడే అబ్బా కాగితం అటూఇటూ తిప్పి చూశారు. “హిసాబ్ ఠీక్ హై బేటా. లేకిన్ హిసాబ్ లిఖ్‌నేవాలా కౌన్?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండోది మా మామూ పార్టీ. ఆయనకు కోట్లా అలీజాలో ముల్గీ. కుట్టు మిషన్లు రిపేర్ చేస్తారు. ముప్పై ఏళ్లకు పైగా అదే చోట. పేరుకు దుకాణ్ ఎనిమిదడుగుల వెడల్పు, కానీ బర్కత్ ఉన్న జాగా అంటారు. ఆయన కోరేది మూసీ దారి. మూసీ ఒడ్డు వెంట పడమటికి పోయి, బహదూర్‌పురా మీదుగా చుట్టి ఫలక్‌నుమా చేరాలన్న మాట ఒకప్పుడు గట్టిగానే నడిచింది. మన మొహల్లాల లీడర్లు కూడా మజ్హబీ ఇమారతులను కారణం చూపి అసలు దారి వద్దన్నారు. 2014లో కొత్త సర్కార్ వచ్చాక అసెంబ్లీ, సుల్తాన్‌బజార్, పాతబస్తీ మూడు చోట్లా దారి మార్చాలన్న మాట మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఆ మూడింటిలో రెండు చోట్ల ఏమైంది? అసెంబ్లీ ముందు నుంచి రైలు పాత దారిలోనే పోయింది. సుల్తాన్‌బజార్‌లో దుకాణ్‌దార్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. చివరకు రైలు అక్కడి నుంచే పోయింది, స్టేషన్ కూడా కట్టారు. బహస్ అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది. అక్కడ బహస్ ముగిసి పని మొదలైంది. ఇక్కడ బహసే పని అయిపోయింది. సర్వే చేశాం అని ఒకసారి, అభ్యంతరాలున్నాయి అని ఒకసారి, కంపెనీ ముందుకు రావట్లేదు అని ఇంకోసారి. వద్దన్నవాళ్ల మాట విని ఆపారంటే నమ్మడం నాకు కష్టం. మన లీడర్లు వద్దన్న ఎన్ని పనులు ఈ షహర్‌లో ఆగాయో మీరే లెక్కపెట్టండి.

మామూ దారిలో పోతే ముల్గీలు బచాయిస్తాయి, నిజమే. నది ఒడ్డున కూల్చేది తక్కువ. కానీ నది ఒడ్డున ఎక్కేవాళ్లూ తక్కువ. ఈ మాట నాకు చెప్పింది మా భాంజీ.

ఆమెది మూడో పార్టీ. షాలిబండలో మా ఆపా కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటర్ అయ్యాక అమీర్‌పేట వైపు ఒక కాలేజీలో సీటొచ్చింది. ఇంట్లో మూడు రోజులు మష్వరా నడిచింది. ఫీజు గురించి కాదు. దూరం గురించి కూడా కాదు, అబ్బాయైతే పంపేవాళ్లే. అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారాలి, చలికాలంలో మగ్రిబ్ దాటాక ఇంటికి చేరుతుంది, నయాపుల్ మీద ట్రాఫిక్ ఆగితే ఇక ఖుదా హాఫిజ్. ఆపా వద్దంది. భాంజీ ఇంటి దగ్గరి కాలేజీలో చేరింది. ఏడవలేదు, గొడవ చేయలేదు. ఒకరోజు నా ఫోన్‌లో మెట్రో నక్షా తీసుకుని వేలు పెట్టి చూపించింది: షాలిబండలో ఎక్కాలి, ఎంజీబీఎస్‌లో ఎర్ర లైన్‌కి మారాలి, అమీర్‌పేటలో దిగాలి. “ఒకటే మార్పు మామూ. అదీ నీడలోనే, కెమెరాల కిందనే. అమ్మీ దీనికైతే ఒప్పుకునేది.”

మూసీ దారి గురించి చెబితే నవ్వింది. “స్టేషన్ బహదూర్‌పురాలో ఉంటే నేను అక్కడి దాకా ఆటోలో పోవాలి. ఆటోలో పోయేదాన్నైతే అమ్మీ మొదట్లోనే పంపేది కదా.” స్టేషన్ ఇంటి నుంచి నడిచేంత దూరంలో లేకపోతే అది ఆడపిల్లలకు లేనట్టే. ఇంజనీర్ల రిపోర్టుల్లో దీన్ని ఏదో పెద్ద పేరు పెట్టి రాస్తారు. షాలిబండలో దాని పేరు ‘అమ్మీ ఇజాజత్’.

ఇంకొకటి కూడా అంది, దానికి నేనింకా జవాబు వెతుకుతున్నాను. 2023 డిసెంబర్ నుంచి బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. మెట్రోలో 2025 మే నుంచి కనీసం 11 రూపాయలు, ఎక్కువైతే 69. రోజూ రాకపోకలకు ఎంత? ఆ లెక్కలో స్టూడెంట్ పాస్ మాట ఎవరూ ఎత్తరేం? రాస్తా మీద ఇంత బహస్ చేసే మనం కిరాయి మీద ఎందుకు చేయమో అర్థం కాదు.

నాలుగో పార్టీ మా ఫూఫీజాద్ భాయ్‌ది. బార్కస్‌లో ఇల్లు, జెద్దాలో కొలువు. ఆయనకు కావాల్సింది ఎయిర్‌పోర్ట్ లైన్. ఇది ఆయన ఒక్కడి సరదా కాదు. పాతబస్తీలో గల్ఫ్‌కి మనిషిని పంపని గల్లీ ఏది? పోయేటప్పుడు ఒక మనిషికి నాలుగు బండ్లు, వచ్చేటప్పుడు ఆరు బండ్లు.

ఎయిర్‌పోర్ట్ లైన్ కథ విడిగా చెప్పుకోవాలి. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్ల ఎయిర్‌పోర్ట్ మెట్రోకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. 6,250 కోట్లు. ఆ పొద్దు మా ఖాలా ఫోన్ చేసి ఒకే మాట అడిగింది: “మనకు పదేళ్లుగా ఐదున్నర కిలోమీటర్లకు పైసల్లేవన్నారు, ఇవెక్కడివి?” ఏడాది తిరిగేలోపు సర్కార్ మారింది. రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రి కాగానే ఆ దారి ఆపించి, ఎయిర్‌పోర్ట్‌కి పాతబస్తీ వైపు నుంచి పోవాలన్నారు. 2024 మార్చి 8న ఫారూఖ్‌నగర్ బస్ డిపో దగ్గర మన లైన్‌కి పునాది రాయి పడింది. తర్వాత దాన్ని ఫలక్‌నుమాతో ఆపకుండా చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లకు పెంచారు. ఖర్చు 2,741 కోట్లన్నారు.

రెండో దశ మొత్తం 76.4 కిలోమీటర్లు, ఐదు దార్లు, 24,269 కోట్లు. పటాన్‌చెరు వైపు, హయత్‌నగర్ వైపు, కోకాపేట వైపు కూడా పోతుంది. అందులో నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఎయిర్‌పోర్ట్‌కి పోయేది 36.8 కిలోమీటర్లు. మన లైన్, ఆ లైన్ చాంద్రాయణగుట్టలో కలుస్తాయి. కాగితం మీద ఇది చాలా మంచి జోడ్. ఇన్నేళ్లు తోక తెగిన లైన్ ఒక్కసారిగా షహర్ నడుమ గుండా ఎయిర్‌పోర్ట్ దారి అవుతుంది. సికింద్రాబాద్‌లో ఎక్కినవాడు షాలిబండ మీదుగా విమానానికి పోతాడు. బార్కస్ భాయ్ ఇదంతా విని “ఇన్షాఅల్లా, నేను రిటైరై వచ్చేలోపు” అన్నాడు. ఆయనకిప్పుడు నలభై నాలుగు. 2024 నవంబర్‌లో డీపీఆర్‌లు దిల్లీకి పోయాయి. అక్కడి మంజూరు మీదే అంతా ఆగి ఉంది.

ఇక నా మాట. నాలుగు పార్టీలనూ వింటూ వచ్చినవాణ్ణి కాబట్టి ఒక వైపు నిలబడక తప్పదు. నేను భాంజీ పార్టీ. రైలు లోపలి నుంచే పోవాలి, దారుల్‌షిఫా, కోట్లా అలీజా, షాలిబండ మీదుగానే పోవాలి. మనుషులున్న చోటికే రైలు రావాలి. పక్క నుంచి పోయే రైలును చూసి చేతులూపడానికి మనమేం బస్తీ బచ్చాలం కాదు.

ఈ మాటకు మా బడే అబ్బా నొచ్చుకున్నారు. మీర్ మోమిన్ దాయిరాలో పడుకున్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఎవరో మీకు తెలుసు. కులీ కుతుబ్ షా పేష్వా, 1591లో ఈ షహర్‌కి నక్షా గీసిన పెద్దమనిషి. చార్మినార్ నడుమ పెట్టి నాలుగు దిక్కులకు నాలుగు రాస్తాలు వేసింది ఆయనే. “ఉన్‌కే సిర్హానే పిల్లర్ ఖడా కరేంగే?” అని బడే అబ్బా అడిగితే గొంతు పట్టేస్తుంది ఎవరికైనా. కానీ ఆయన కూడా వేసింది రాస్తాలే కదా. ఇవ్వాళ మనం పురానే షహర్ కీ షాన్ అనుకునే పత్తర్‌గట్టీ ఎట్లా వచ్చింది? 1908 తుగ్యానీలో మూసీ షహర్‌ని మింగాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు గల్లీలు కొట్టి, రోడ్డు వెడల్పు చేసి, రాతి కమాన్లు కట్టారు. కూల్చేటప్పుడు అప్పటివాళ్లూ ఏడ్చి ఉంటారు. తేడా ఒక్కటే. అప్పుడు కూల్చినవాళ్లు తర్వాత కట్టారు, అందంగా కట్టారు. ఇప్పుడు కూలుస్తున్నవాళ్లు ఏం కడతారో చూడాలి. వందడుగుల రోడ్డు పక్కన సగం కోసిన ఇళ్లు, తెరిచిన గోడల్లో నీలం రంగు వంటిల్లు, వేలాడే మెట్లు... రెండేళ్లు అట్లనే వదిలేస్తే అది తరక్కీ కాదు. హెరిటేజ్ మీద హైకోర్టులో కేసు పడింది, పడాలి కూడా. మజ్హబీ ఇమారతులకు దెబ్బ తగలకుండా పిల్లర్ల చోటు, రోడ్డు వంపు సర్దుతామని అధికారులు చెబుతున్నారు. ఆ మాట కాగితం మీద ఇమారత్ పేరుతో సహా మొహల్లావాళ్ల చేతికి వస్తే సగం బహస్ అక్కడే చల్లారుతుంది.

మొహర్రం జులూస్ మాట కూడా అంతే. యౌమె ఆషూరా నాడు దబీర్‌పురా నుంచి బీబీ కా అలం హాథీ మీద బయల్దేరి ఏతేబార్ చౌక్, కోట్లా అలీజా, చార్మినార్, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. మెట్రో దారి, జులూస్ దారి చాలాచోట్ల ఒక్కటే. హాథీ పోతుందా కింద నుంచి అని ఆషుర్‌ఖానాల దగ్గర పెద్దలు అడిగితే చాలామంది నవ్వారు. నవ్వే సంగతి కాదది. రోడ్డు మీద ఐదున్నర మీటర్ల ఖాళీ వదలాలన్నది నిబంధన. హాథీ మూడు మీటర్లనుకుంటే, పైన కూర్చున్న మనిషి, ఆయన చేతిలో అలం. లెక్క సరిపోవచ్చు, ఇరుకుగా సరిపోవచ్చు. కొలిచి చెప్పడానికి ఒక ఇంజనీర్, ఒక టేపు, ఒక గంట చాలు. ఆ గంట కేటాయిస్తే జనం నమ్మకం ఎంత పెరుగుతుందో లెక్కలేదు.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది మామూ సంగతి. ఆయన పార్టీకి ఎదురుగా నిలబడ్డాను కదా, జవాబు కూడా నేనే వెతకాలి.

2025 జనవరిలో చెక్కుల పంపిణీ మొదలైంది. గజానికి 81 వేలు, కట్టడానికి విడిగా. మాలిక్‌లు చాలామంది సంతోషంగానే తీసుకున్నారు. ఇన్నాళ్లూ బాంక్ లోన్ రాని, అమ్ముడుపోని, రిపేర్ చేయడానికి ఇజాజత్ దొరకని జాగాలవి. మామూ ముల్గీ మాలిక్ కూడా తీసుకున్నాడు. తర్వాత వచ్చి “భాయ్ సాబ్, నెలాఖరుకు ఖాళీ చేయండి” అన్నాడు. మామూ తొంభైల్లో ఇచ్చిన పగిడీ మాట ఎత్తితే, “అది మా అబ్బాజాన్ టైమ్‌లోది” అన్నాడు. అబ్బాజాన్ ఇప్పుడు లేరు. పగిడీకి రసీదు ఉండదు, అది అప్పట్లో జబాన్ మీద నడిచిన మామలా.

నిజానికి 2013 భూసేకరణ చట్టం కిరాయిదార్‌ని మర్చిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ, దాని మీదే బతుకుతున్నవాడు కూడా బాధిత కుటుంబం లెక్కలోకే వస్తాడు. పునరావాసం అతని హఖ్. కానీ కాగితం చూపాలి. పాతబస్తీలో ఏ కిరాయిదార్ దగ్గర కాగితం ఉంది? వక్ఫ్ ముల్గీల్లో ఉన్నవాళ్ల దగ్గర కొంత ఉంటుంది. మిగతావాళ్లు నెల మొదట్లో చేతికి చేతికి ఇచ్చి, చాయ్ తాగి వచ్చినవాళ్లే. మన మీటింగుల్లో మజ్హబీ ఇమారతుల మీద ఇంత మాట్లాడే లీడర్లు, ఒక్కో మొహల్లాలో ఒక టేబుల్ వేసి కిరాయిదార్ల కాగితాలు రాయించే పని పెట్టుకుంటే ఎంత బాగుండేది. ఇప్పటికైనా వేయొచ్చు. అలియాబాద్ వైపు, షంషీర్‌గంజ్ వైపు ఇంకా చాలా ముల్గీలున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా ఆ దారిలో కిరాయికి ఉంటే పాత బిల్లులు పారేయకండి. లేబర్ లైసెన్స్, ట్రేడ్ లైసెన్స్, కరెంటు బిల్లు, సామాను కొన్న రసీదులు, దుకాణ్ అడ్రస్‌తో వచ్చిన పెళ్లి రుఖా అయినా సరే, ఒక సంచీలో వేసి పెట్టండి.

పోయిన జుమా నాడు నమాజ్ అయ్యాక నేను, భాంజీ కలిసి మామూ దుకాణ్‌లో కూర్చుని ఇదే పని చేశాం. ఒక మూల మిషన్ కాళ్లు, ఒక మూల తుప్పు పట్టిన ఫుట్ పెడల్స్, డబ్బాల నిండా సూదులు, బాబిన్లు. భాంజీ ఒక్కో కాగితం దులిపి తారీఖు ప్రకారం సర్దింది. మామూ మాట్లాడకుండా ఒక పాత ఉషా మిషన్‌కి నూనె వేస్తూ కూర్చున్నారు. సుమారు గంటన్నరకు 2011 నాటి కరెంటు బిల్లుల కట్ట దొరికింది, నెల తప్పకుండా అన్నీ ఉన్నాయి. భాంజీ సంతోషంగా పైదాన్ని వెలుతురుకు పట్టి చదివింది. పేరు మాలిక్ అబ్బాజాన్‌ది. వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో ఉర్దూలో మామూ రాసుకున్న లెక్క ఉంది: ఎంత కట్టారు, ఏ రోజు కట్టారు, ఎవరి చేతికి ఇచ్చారు. “ఇది చెల్లుతుందా మామూ?” అని నన్ను అడిగింది. ఆ కట్టనంతా సంచీలో వేయమన్నాను.